బావి గల్లీలో రెండేళ్ళు

రాజక్క పెళ్ళయిన పదేళ్ళలో ఊరు మారకుండానే మూడు జిల్లాల మనిషి అయింది. ఆమె భర్త ఇస్తారి లక్కడ్‌కోట్ దగ్గర కలప బండ్లను ఆపి చూసే అడవి నాకాలో జవాను. ఆమె కాపురానికి వచ్చేనాటికి అది హైదరాబాద్ రాష్ట్రం, ఆదిలాబాద్ జిల్లా. యాభై ఆరులో భాషలను బట్టి రాష్ట్రాలను మళ్ళీ గీసినప్పుడు రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రంలోకి, నాందేడ్ జిల్లా కిందికి పోయింది. మూడేళ్ళు తిరిగేసరికి అక్కడినుంచి తీసి చాందా జిల్లాలో కలిపారు. ఇప్పటి చంద్రపూర్‌ను అప్పట్లో అందరూ చాందా అనేవారు. కాగితాలు ఉర్దూ నుంచి మరాఠీకి మారాయి. ఇస్తారికి రెండూ చదవరావు కాబట్టి అందులో ఆయనకు పెద్ద తేడా కనబడలేదు. కనబడింది ఒక్కటే. నాకా ఎత్తేశారు, చాందా కట్టెల డిపోలో కాపలాకు రమ్మన్నారు.

డిపో వెనకాల గది ఇస్తామన్నారు. చుట్టూ ఎకరాలకొద్దీ టేకు దుంగలు తప్ప మనిషి లేని చోటు. రాజక్క వద్దంది. నాకా గుడిసెలో ఉన్నప్పుడు వాళ్ళకు దగ్గరి ఇల్లు రెండు కోసుల దూరం. ఇస్తారి బీటు మీద అడవిలోకి పోయిన ఒక మధ్యాహ్నం చంటిపిల్లకు జ్వరం ఎక్కి కళ్ళు తేలేసింది. రాజక్క ఆ పిల్లను భుజాన వేసుకుని, పెద్దపిల్ల గంగును చెయ్యి పట్టి లాక్కుంటూ ఊరి వైపు నడిచింది. ఊరి కప్పులు కనబడే వేళకు భుజం మీద పిల్ల చల్లబడి, బరువు మారిపోయింది. అటుపైన రెండేళ్ళు ఆమె ఆ గుడిసెలోనే ఉంది, ఆ దారినే నడిచింది.

“కేకేస్తె పలికే మనుషులున్న తావుల ఇల్లు చూడు. లేకుంటె నేను మా అవ్వగారింటికి పోత,” అని భర్తతో చెప్పింది.

ఇస్తారి చూడలేదు. ఆమే చూసుకుంది. గంగును వెంటబెట్టుకుని నాలుగు రోజులు చాందా అంతా తిరిగింది. కోట గోడ లోపల ఒక వాడలో ఆమె పేరు కన్న ముందు కులం అడిగారు. ఇంకో వాడలో అందరూ తెలుగువాళ్ళే, కానీ అందరూ ఒకరికొకరు చుట్టాలు, బయటిమనిషి వస్తే మాటలు ఆపేసేవారు. స్టేషను వైపు గదులు బాగున్నాయి గాని అక్కడ ఉండేదంతా ఒంటరి మగవాళ్ళు. నాలుగో రోజు కోట బయట, బొగ్గు గని వైపు పోయే బాటలో బావి గల్లీ కనబడింది. రెండు వరసల్లో పద్దెనిమిది ఇళ్ళు, మధ్యలో గిలక బావి. నీళ్ళు తాగే నెపంతో బావి దగ్గర ఒక పూటంతా కూర్చుంది. మరాఠీ, తెలుగు, ఉర్దూ, ఛత్తీస్‌గఢ్ నుంచి గని పనికి వచ్చినవాళ్ళ హిందీ, అన్నీ ఆ గిలక కిందే వినబడుతున్నాయి. మట్టిలో పాకుతున్న ఒక చంటిపిల్లను చూపించి ఎవరి పిల్ల అని అడిగితే ముగ్గురు ఆడవాళ్ళు నవ్వుతూ నాదంటే నాదన్నారు. రాజక్క ఆ సాయంత్రమే కింది వరసలో ఇల్లు ఖాయం చేసింది.

ఆ మొదటి ఏడాదిలాంటి మంచి ఏడాది ఆమె బతుకులో ఇంకొకటి లేదు. పక్కింట్లో మంగతాయి, ఆమె భర్త అబ్బయ్య. వాళ్ళు తెలుగు కిరస్తానీలు, అబ్బయ్యది గనిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే పని. పై వరసలో మునిసిపల్ బడి పంతులు అనంతరావు, అందరూ గురూజీ అనేవారు. ఆయన భార్యను రాజక్క మరాఠీ పద్ధతిలో వహినీ, అంటే వదినా, అని పిలిచేది. గంగు రోజూ వాళ్ళ అరుగు మీద కూర్చుని మరాఠీ అక్షరాలు దిద్దుకునేది. గంగుకు ఆటలమ్మ పోసినప్పుడు రాజక్క ఒక్క రోజు కూడా ఒంటరిగా కూర్చోలేదు. ఒకరు వేపాకు తెచ్చారు, ఒకరు అంబలి తెచ్చారు, వహిని వచ్చి పిల్ల తల దగ్గర కూర్చుంటే ఆమె నడుం వాల్చింది.

ఆ గల్లీ మీద పెంచుకున్న ప్రేమే ఆమె కళ్ళకు అడ్డం పడిందేమో. అందరికన్న ముందు చెప్పినవాడు గట్టయ్య.

గట్టయ్య బావి పక్కింటి నేతగాడు, అరవై దాటినవాడు. ఆయనది గుంట మగ్గం. ఇంటి మట్టి నేలలో మోకాలి లోతు గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని రోజంతా నేసేవాడు. అరవై చలికాలంలో ఒక పొద్దున రాజక్క ఆయన భార్య తిరుపతమ్మ కోసం వెళితే, మగ్గం ఆపి పైకి చూశాడు.

“బిడ్డా, కింద ఎవరో దంచుతుండ్రు,” అన్నాడు.

ఏం దంచుతున్నారని ఆమె అడిగింది.

“ఏమో. నిరుడు గూడ ఇనొచ్చింది గాని దూరంగ. గిప్పుడు నా అరికాళ్ళ కిందనే.”

ఆమె వంగి గుంతలో చెయ్యి పెట్టింది. మట్టి వెచ్చగా ఉంది. కాసేపటికి అరచేతికి ఏదో తగిలింది. చప్పుడు కాదు, గోడకవతల ఎవరో రోకలి వేసినట్టు చిన్న అదురు. గనిలో తూటాలు పేలుస్తారని అందరికీ తెలిసిందే కదా, ముసలాయనకు చాదస్తం ఎక్కువైందని తిరుపతమ్మ నవ్వింది. రాజక్క కూడా నవ్వి వచ్చేసింది. కానీ ఇంటికి వచ్చాక చాలాసేపు ఆ అరచేతిని కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. బావి చేద నీళ్ళకు అందక తాడుకు ముడి వేసి ఇంకో మూర కలిపారు. వానలు బాగా పడిన ఏడు అది, ఆ చుట్టుపక్కల బావులన్నీ నిండుగా ఉన్నాయి. నెల తిరక్కుండా మళ్ళీ రెండు మూరలు కలపవలసి వచ్చింది. రాజక్క ఇంటి వెనక తలుపు ఒక పొద్దున మూతపడలేదు. ఇస్తారి అంచు చెక్కి పెడితే పది రోజులు పడింది, మళ్ళీ పట్టేసింది. ఇసుర్రాయి తిప్పుతుంటే పిండి చుట్టూరా రాలాల్సింది పోయి అంతా బావి వైపే పడుతోంది. రాయి కింద గోనెపట్టా మడిచి పెట్టింది. వారానికి మళ్ళీ అటే. ఆ మాట ఇస్తారితో అంటే ఆయన తన వైపునుంచి ఇంకో మాట చెప్పాడు. గనికి డిపోనుంచి నెలనెలా పోయే దుంగలు ఈమధ్య సగానికి తగ్గాయట. గనిలో బొగ్గు మాత్రం ఎప్పటికన్న ఎక్కువ వస్తోందని బండ్లవాళ్ళు చెప్పుకుంటున్నారట. ఆ రెండూ ఎట్లా పొసుగుతాయో ఆయనకు అర్థం కాలేదు.

అరవై ఒకటి ఫిబ్రవరిలో జనాభా లెక్కలు జరిగాయి. బావి గల్లీ లెక్క గురూజీకే అప్పగించారు. ఆయన ఇంటింటికీ వచ్చి, నవ్వుతూ, ఇంట్లో ఎందరు, ఏం పని, మాతృభాష ఏది అని అడిగి రాసుకున్నాడు. రాజక్క చాయ్ ఇచ్చి తెలుగని చెప్పింది. ఆ తర్వాత మూడు వారాలకు, మగవాళ్ళంతా పనుల మీద పోయిన వేళ, టోపీలు పెట్టుకున్న ఇద్దరు మనుషులు గొలుసుతో గల్లీ కొలిచి, కొన్ని గోడల మీద ఎర్ర రంగుతో అడ్డగీతలు గీసి పోయారు. ఎందుకని అడిగితే బదులు చెప్పలేదు.

రాజక్క ఇంటితో సహా పదకొండు ఇళ్ళకు గీతలు పడ్డాయి. అందులో తొమ్మిది తెలుగువాళ్ళవి.

ఇక ఆ గల్లీ మునుపటి గల్లీ కాదు. బొంబాయి రాష్ట్రం విడిపోయి మహారాష్ట్ర ఏర్పడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సరిహద్దు ఊళ్ళను అటు ఇమ్మని, ఇటు ఇమ్మని ఇంకా అర్జీలు నడుస్తూనే ఉన్నాయి. తెలుగువాళ్ళను ఏరి ఆదిలాబాద్ వైపు పంపించేస్తారనే మాట ఎవరు మొదట అన్నారో గాని, రెండు రోజుల్లో అందరి నోటా అదే. గీత పడిన మిగతా రెండు ఇళ్ళ సంగతి అడిగితే, ఒకటి గాజులమ్మే ముస్లిం విధవది, ఇంకోటి ఛత్తీస్‌గఢ్ వాళ్ళది, వాళ్ళూ బయటివాళ్ళే కదా అన్నారు. భాష అడిగి రాసుకున్నది గురూజీ. పేర్లు పైకి పంపింది గురూజీ. ఆయన ఇంటికి గీత పడలేదు. ఇంతకన్న రుజువు ఏం కావాలి?

రాజక్క కూడా నమ్మింది. గంగును ఆ అరుగు ఎక్కవద్దని చెప్పింది. వహిని బావి దగ్గరికి వస్తే తెలుగు ఆడవాళ్ళు బిందెలు నిండకపోయినా ఎత్తుకుని పోయేవారు. ఒకరోజు వహిని ఏదో అడగబోయింది. రాజక్క వినబడనట్టు మొహం తిప్పుకుని పోయింది. పిల్లలకు మాత్రం ఏమీ చెప్పనక్కర లేకపోయింది. వాళ్ళంతట వాళ్ళే రెండు జట్లుగా ఆడుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రాలు తలుపులు పెందలాడే పడుతున్నాయి. అంతమంది మనుషుల మధ్య రాజక్కకు మళ్ళీ నాకా గుడిసెలో ఉన్నట్టే ఉండేది.

ఏప్రిల్ చివర ఒక పొద్దున ఆమె నీళ్ళు తోడుతూ ఉంది. తాడు ఎంత వదిలినా చేద కిందికి పోతూనే ఉంది. అలిసిపోయి బావి గోడ మీదికి వాలితే ఎదురుగా, గోడ లోపలి వైపు, ఒక ఎర్ర గీత కనబడింది. అలాంటిదే ఇంకోటి పదడుగుల అవతల, ఎవరూ ఉండని మొండి గోడ మీద ఉంది. మూడోది మేకల కొట్టం గుంజ మీద. ఆమె నిటారుగా నిలబడి ఒక గీత నుంచి ఇంకో గీతకు చూపు సాగదీసింది. ఇళ్ళ వరస ఒంపు తిరిగింది గాని గీతలు తిరగలేదు. దారం పట్టి లాగినట్టు నేరుగా పోయాయి. బావికి భాష ఏముంది? బావిని ఏ ఆదిలాబాద్‌కు పంపిస్తారు?

బిందె అక్కడే వదిలేసి మంగతాయి ఇంటికి పోయింది. అబ్బయ్య పని దిగి వచ్చి అన్నం తింటున్నాడు. ఆయన ఇంటికి గీత లేదు.

“అన్నా, గా గీతలు ఏంది? నీకు ఎర్కే,” అంది.

అబ్బయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆమె వైపు చూడకుండా భార్య వైపు చూశాడు.

“చెప్తె నా నౌకరి పోతది చెల్లె,” అన్నాడు.

“చెప్పకుంటె ఏం పోతది?”

ఆయన కంచం పక్కకు జరిపాడు. తర్వాత చెప్పాడు. గనిలో బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా అక్కడక్కడ బొగ్గునే లావుపాటి స్తంభాలుగా వదిలిపెడతారు. కింద సొరంగం గల్లీ దాకా వచ్చి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ స్తంభాలను కూడా తవ్వి తీసుకుంటున్నారు. ఖాళీ అయిన చోట ఇసుక నింపాలి, నింపడం లేదు. దుంగలు నిలబెట్టాలి, ఆ దుంగలు కూడా పీకించి ముందుకు మోయిస్తున్నారు.

“మేం పీకిన తావు ఎక్కడిదాంక వచ్చిందో, గదే గీత,” అన్నాడు. “నెల దినాల సంది నిద్ర పడ్తలేదు చెల్లె. మీ ఇంటి కిందనే తిరుగుతున్న.”

మంగతాయి నోట్లో కొంగు కుక్కుకుంది. ఆమెకూ అప్పటిదాకా తెలియదు.

రాజక్క నేరుగా గురూజీ ఇంటికి పోయింది. రెండు నెలలుగా తొక్కని అరుగు. వహిని తలుపు తీసి అడ్డంగా నిలబడింది, లోపలికి రమ్మనలేదు. రాజక్క తనకు వచ్చిన మరాఠీలో, రాని చోట తెలుగులో, తప్పయిపోయిందని చెప్పింది. వినీ విననట్టు నిలబడిన వహిని చివరకు పక్కకు జరిగింది. గురూజీ మొత్తం విని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, మీరంతా నన్ను అట్లా ఎందుకు అనుకున్నారని మాత్రం అడిగాడు.

ఆయన ఆ మధ్యాహ్నమే అర్జీ రాశాడు. గని దఫ్తరుకు ఒకటి, కలెక్టరు కచేరీకి ఒకటి. అబ్బయ్య పేరు ఎక్కడా రాలేదు. అర్జీ పట్టుకుని రాజక్క ఇంటింటికీ తిరిగింది. పద్దెనిమిది ఇళ్ళలో వేలిముద్ర వేసినవి ఏడే. ఇది గురూజీ ఎత్తు అన్నారు కొందరు. గీతలతో మనం పోలేదు కాబట్టి ఇప్పుడు నేల కూలుతుందని బెదిరించి ఖాళీ చేయిస్తున్నాడు అన్నారు. నువ్వు వాళ్ళ అరుగు ఎక్కావు, నీకేం చెబితే అది నమ్ముతావు అని ఆమె మొహానే అన్నారు. నెల కిందట తానూ ఆ మాటే అనేదని తెలుసు కాబట్టి ఆమె వాళ్ళతో పోట్లాడలేకపోయింది.

గని దఫ్తరులో అర్జీ తీసుకుని, గీతలు మామూలు కొలతల కోసమే, భయపడాల్సింది లేదని నోటిమాటగా చెప్పి పంపారు. కాగితం మీద రాసివ్వమంటే ఇవ్వలేదు. కచేరీ నుంచి బదులే రాలేదు.

వానలు మొదలైన వారానికి రాజక్క ఇంటి నడిమి గోడలో వేలు దూరే బీట పడింది. ఆ రోజే సామాను మోసుకుపోయి గురూజీ వసారాలో పెట్టుకుంది. ఆ ఇల్లు గీతకు అవతల. గంగు మళ్ళీ అక్కడే పలక పట్టుకుని కూర్చుంది, ఈసారి ఎవరూ రమ్మనకుండానే. రాజక్క రోజూ గట్టయ్య దగ్గరికి పోయి రమ్మని బతిమాలేది. ఆయన ఆమె మాట నమ్మని మనిషి కాడు.

“నాకు ఎర్కే బిడ్డా. నీకంటె ముందు నాకే ఎర్క,” అన్నాడు. “మగ్గం మీద పోగు సగంల ఉన్నది. ఇది తెగనీ, వస్త.”

గుంట మగ్గాన్ని సగం నేతలో విప్పితే పడుగంతా చిక్కుపడి నాశనం అవుతుంది. ఇంకా ఎనిమిది రోజుల పని ఉందన్నాడు. తిరుపతమ్మ మాత్రం పగలంతా వసారాలో రాజక్కతోనే ఉండేది, వంటవేళకు ఇంటికి పోయేది.

శ్రావణంలో నాలుగు రోజులు తెరిపి లేకుండా కురిసి, అయిదో రోజు పొద్దున ఎండ వచ్చింది. జనం బట్టలు ఆరేసుకుంటున్నారు. మొదట బావిలో గుటక వేసినట్టు చప్పుడైంది. రాజక్క తల ఎత్తేసరికి గిలక కట్టె పక్కకు ఒరిగి, గోడతో సహా కిందికి పోయింది. ఆమె గట్టిగా గట్టయ్యను పిలిచింది. గల్లీ అంతా పలికింది, ఆయన తప్ప. గట్టయ్య ఇంటి కప్పు ముసలిమనిషి కూర్చున్నట్టు మెల్లగా, నిటారుగా కిందికి దిగింది. పెద్ద శబ్దం కూడా లేదు. పెంకులు ఒకదానికొకటి రాసుకున్న చప్పుడు, అంతే. ఆ తర్వాత రాజక్క ఖాళీ చేసిన ఇల్లు, దాని అవతలి రెండు ఇళ్ళు. వాటిలోని మనుషులు బయట ఎండలో ఉండబట్టి బతికారు. ఎర్ర గీత దగ్గరికి వచ్చి నేల కుంగడం ఆగిపోయింది, కత్తితో కోసినట్టు. వసారాలో ఉన్న తిరుపతమ్మ చేతిలో గంజి గిన్నె అట్లాగే ఉంది.

గట్టయ్యను పైకి తీయలేకపోయారు. రెండు రోజులు తాళ్ళు వేసి చూశారు, మట్టి జారుతూనే ఉంది. మూడో రోజు గనివాళ్ళు బండ్లకొద్దీ ఇసుక తెప్పించి పోయించారు. అన్నాళ్ళూ కింద నింపడానికి దొరకని ఇసుక. పదకొండో దినం గుంత గట్టునే పెట్టారు. గల్లీలో పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

విచారణకు వచ్చిన అధికారి ఆ తవ్వకాలు పాత యజమాని కాలం నాటివని, ఇప్పటివాళ్ళకు సంబంధం లేదని రాసుకుని పోయాడు. అబ్బయ్య ఆయన ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మరుసటి వారం ఆయన పని పోయింది. మంగతాయిని తీసుకుని భద్రావతి వైపు గనులకు వెళ్ళిపోయాడు.

మిగిలిన కుటుంబాలకు ఊరి అవతలి వైపు రేకుల ఇళ్ళు వేసి ఇస్తామన్నారు. జాబితా చదివితే తెలుగువాళ్ళది ఒక వరస, మరాఠీవాళ్ళది ఒకటి, ఛత్తీస్‌గఢ్ వాళ్ళది ఇంకొకటి. ఎవరి వాళ్ళతో వాళ్ళుంటే గొడవ ఉండదని గుమాస్తా చెప్పాడు. చాలామంది ఒప్పుకున్నారు. రాజక్క ఒప్పుకోలేదు. గురూజీ వాళ్ళు కోట లోపల వాడా అనే ఒక పాత మండువా ఇంట్లో గదులు చూసుకుంటే, పక్క రెండు గదులు తాను, తిరుపతమ్మ తీసుకున్నారు. తిరుపతమ్మ అక్కడ తొమ్మిదేళ్ళు బతికింది. నేల మీద పడుకునేది కాదు, మంచం కావాలనేది.

గంగుకు పెళ్ళయి పిల్లలు పుట్టాక అల్లుడు చాందాలోనే స్థలం కొందామన్నాడు. అప్పటికి గనుల కంపెనీలు పోయి అంతా సర్కారుది అయింది. రాజక్క గంగును వెంటబెట్టుకుని గనుల దఫ్తరుకు పోయి, ఆ స్థలం కింద పాత తవ్వకాలు ఉన్నాయో లేవో నక్షాలో చూసి చెప్పమని అడిగింది. పాత కంపెనీల నక్షాలు కొన్ని అందలేదని, అందినవి బయటివాళ్ళకు చూపకూడదని లోపలి మనిషి చెప్పాడు. మూడుసార్లు తిరిగాక ఆ స్థలం వదిలేశారు. ఇంకోచోట కొన్నారు. అక్కడ చుట్టుపక్కల అన్ని రకాల మనుషులూ ఉన్నారు, బడి దగ్గర, పిల్లలు సాయంత్రం చీకటి పడేదాకా వీధిలోనే ఆడేవారు. దాని కింద ఏముందో కూడా ఎవరూ చెప్పలేదు. రాజక్క చివరి పద్నాలుగేళ్ళు ఆ ఇంట్లోనే ఉంది.